తాలీసకు చెప్పిన కారణం

కుంతాదేవి ఇంటి కప్పు మీద పదమూడో పలక కూడా మోగలేదు.

చెన్నకేశవులు దాన్ని మూల దగ్గర రెండు వేళ్లతో పట్టి వేలాడదీశాడు. మెటికతో కొట్టాడు. మంచి పలక ఖంగుమనాలి. ఇది దబ్బుమంది. ఇంకోసారి కొట్టాడు. అదే చచ్చిన మోత.

"ఏమైంది భయ్యా?" అని కింది నుంచి కుంతాదేవి అడిగింది. డెబ్భై ఏళ్ల మనిషి, నడుముకు తాడు చుట్టుకుని, నెత్తికి ఎర్ర గుడ్డ కట్టుకుని, తీసిన పలకలను గోడవార పేరుస్తోంది. ఆ హిమాలయపు ఊళ్లలో ఇళ్లన్నిటికీ పలకల కప్పులే. వానలకు ముందు ప్రతి ఇంటివాళ్లూ కప్పు విప్పి, విరిగినవి తీసేసి, మిగతావి మళ్లీ పేర్చుకుంటారు. సురాలిలో ఉన్నవే పంతొమ్మిది ఇళ్లు. పలకల పని తెలిసిన మనిషి ఒకడు ఊళ్లోకి వచ్చాడని తెలిసి ఈ ఏడు అందరూ అతన్నే పిలిచారు.

అతనికి తెలిసింది మామూలు పని కాదు మరి. మార్కాపురం పలకల గనుల్లో పదకొండో ఏట చేరాడు. రాయి పొర విప్పడం, మెటికతో కొట్టి వినడం, మోగితే ఈ పక్కకు, మోగకపోతే ఆ పక్కకు. ముప్ఫై రెండేళ్లు అదే బతుకు. మేస్త్రీలు కంటితో చూసి తప్పు చెప్పిన రోజులున్నాయి గానీ కేశవులు చెవి తప్పు చెప్పింది లేదు.

"ఈ పలకలు ఎప్పటివమ్మా?" అని వచ్చిన కాస్త హిందీలో అడిగాడు.

"మా మామగారు వేయించినవి. మా మనవళ్లు పోయినా ఇవి పోవన్నాడు."

కేశవులు పలకను రెండు చేతులా వంచాడు. టీలో ముంచిన రస్కులా విరిగి, లోపలంతా తడి మట్టి కనబడింది. కప్పు రెండో వాలుకు పోయి అక్కడి పలకలు కొట్టి చూశాడు. అన్నీ మోగాయి. మోగనివన్నీ ఒక్క పక్కనే ఉన్నాయి. ఆ పక్కన ఏముందని తలెత్తి చూస్తే, కొండవాలు మీది తాలీస చెట్టు కొమ్మ కప్పు మీదికి వంగి ఉంది. దాని కాయల నుంచి ఊదారంగు జిగురు ఒక్కొక్క చుక్కే జారుతోంది.

ఇది ఆ జిగురు పని కాకూడదనుకున్నాడు. ఎందుకంటే ఆ చుక్కే అతని ప్రాణం.

ఎనిమిది నెలల కిందట కేశవులు కప్పు ఎక్కడం మాట దేవుడెరుగు, మంచం దిగితే గొప్ప. కోతరంపం దగ్గర పీల్చిన దుమ్ము ఊపిరితిత్తుల్లో గట్టిపడి రాయైపోయింది. తండ్రి గురవయ్యకూ అదే జబ్బు. కేశవులు అమ్మ తేనెలో కలిపి పెట్టిన తాలీసాది చూర్ణం నాకుతూ నాకుతూనే ఆయన పోయాడు. ఆ డబ్బా మీది చెట్టు బొమ్మ చూసి, ఈ చెట్టు ఎక్కడుంటుందని అడిగిన పిల్ల సుభాషిణి, కేశవులు చెల్లెలు. అన్న రంపం దగ్గర నిలబడి చదివిస్తే చదివింది. ఆ చెట్టునే వెతుక్కుంటూ పదకొండు వేల అడుగుల ఎత్తుకు వచ్చి, పరిశోధన కేంద్రంలో ఉద్యోగం సంపాదించింది.

తాలీస చలికొండల చెట్టు. మంచు పడే చోటే బతుకుతుంది, మూడు వందల ఏళ్లు నిటారుగా నిలబడుతుంది. దాని కాయలు కూడా వేలాడవు, కొమ్మ మీద లేచి నిలుచుంటాయి. మన వైద్యులు దాని ఆకు వాడారు. సుభాషిణి వేరు దగ్గర మొదలుపెట్టింది. రాతిని కరిగించి తినే ఒక బూజును గాజు పళ్లేల్లో పెంచి, పదకొండు పాత చెట్ల వేళ్లకు అంటించింది. బూజు కరిగించే రసాన్ని చెట్టు పైకి లాగి, అందులోని విషం విరిచి, కాయల్లో జిగురుగా దాచుకుంది. ఆ జిగురు ఆవిరి పీలిస్తే ఊపిరితిత్తుల్లోని రాయి కరుగుతుంది, కండ జోలికి పోదు. అయితే ఆ బూజుకు పలకరాయే కావాలి, వేరే నేలలో చచ్చిపోతుంది. కొండంతా పలకరాయే ఉన్న చోటు సురాలి పైన దొరికేసరికి సుభాషిణి ఎగిరి గంతేసింది. పలకల ఊరి పిల్ల కదా, ఆ నల్లరాయి కనబడితే పుట్టింటికి వచ్చినట్టనిపించింది. తప్పు అక్కడే జరిగింది.

చెల్లెలు తన దగ్గరికి తెచ్చుకుని ఆవిరి పట్టిన మొదటి వారం కేశవులు బూడిదరంగు బురద దగ్గాడు. గిన్నెలోకి చూసి, "ఇయ్యి నేను మింగిన పలకలు పాపా. ఎవురన్నా పిల్లోడికియ్యి, అ ఆలు దిద్దుకుంటాడు" అన్నాడు. అన్నాచెల్లెళ్లిద్దరూ పగలబడి నవ్వారు, నవ్వి నవ్వి ఏడ్చారు. ఇప్పటికి సగం రాయి కరిగింది. ఇంకో ఏడాది పీలిస్తే మిగతాదీ పోతుందని, మధ్యలో ఆపితే ఆ మిగిలిన రాయే రెండేళ్లలో ప్రాణం తీస్తుందని డాక్టర్లు చెప్పారు.

కేశవులు కప్పు దిగి, సుత్తీ ఉలీ సంచిలో వేసుకుని కొండ ఎక్కాడు. మొదటి చెట్టు మొదట్లో బండను కొట్టాడు. మోగలేదు. నలభై అడుగులు పక్కకు పోయి కొట్టాడు. ఖంగుమంది. రెండో చెట్టు, మూడో చెట్టు, పదకొండో చెట్టు దాకా కొట్టుకుంటూ పోయాడు. పదకొండు చెట్ల కిందా కొండ మూగపోయింది. చివరి చెట్టు దగ్గర ఉలి ఆనించి ఒక్క దెబ్బ వేస్తే, అది రాతిలో జానెడు దిగిపోయింది.

అక్కడే కూలబడి కిందికి చూశాడు. సరిగ్గా ఆ వాలు కింద పంతొమ్మిది కప్పులున్నాయి. ఒక కప్పు మీద కుంతాదేవి, అతను విప్పిన చోటును ఎండుగడ్డితో కప్పుకుంటోంది. ఊరివాళ్ల లెక్కన వానలకు ఇంకా పన్నెండు రోజులున్నాయి.

* * *

పరిశోధన కేంద్రం పెద్ద డాక్టర్ పరాంకుశం చెడ్డవాడేమీ కాదు. కేశవులు వచ్చిన మొదటి రోజు తన ఉన్ని శాలువా తీసి కప్పినవాడు. ఇప్పుడు తన బల్ల మీద కేశవులు పెట్టిన మోగే రాయినీ మోగని రాయినీ తిప్పి తిప్పి చూశాడు.

"కొండలోకి పన్నెండు కడ్డీలు దించామయ్యా. వెంట్రుకవాసి కదిలినా ఇదిగో, ఇక్కడ గంట మోగుతుంది. మోగిందా? లేదు."

"కదిలినాక చెప్తాది సార్ మీ మిషను. కదలబోయేముందు చెప్పేది రాయి."

"కార్తీకంలో కాయలు పండుతాయి. అవి కోసేదాకా ఆ చెట్ల మీద చెయ్యి పడటానికి వీల్లేదు. నీ ఒక్కడి సంగతి కాదిది. మీ మార్కాపురంలోనే ఆరువందల మంది ఈ మందు కోసం ఎదురుచూస్తున్నారు. వాళ్లకేం చెప్పమంటావు?"

కేశవులు బల్ల మీది రాళ్లు దగ్గరికి లాక్కున్నాడు. ఆ ఆరువందల మందిలో సగం మంది అతనికి పేరు పేరునా తెలుసు. కిటికీ దగ్గర నిలబడిన సుభాషిణి వంక చూశాడు. ఆమె అద్దంలోంచి బయటికే చూస్తోంది.

"మరి ఈ పంతొమ్మిది ఇళ్లు?"

"హెచ్చరిక కాగితం అంటిస్తాం. పెద్ద వాన పడితే జాగ్రత్తగా ఉండమని."

"కాగితమా!" కేశవులుకు అరికాలి మంట నెత్తికెక్కింది. "గనిలో మాక్కూడా అంటించినారు సార్, ముక్కుకు గుడ్డ కట్టుకోమని. మా అయ్యకు చదువు రాదు."

* * *

సాయంత్రం సుభాషిణి వండిన అన్నం, చింతపండు చారు ఇద్దరి మధ్యా చల్లారిపోతున్నాయి. పక్కన ఆవిరి యంత్రం సిద్ధంగా ఉంది. అతను దాని ముక్కుతొడుగు అందుకోలేదు.

"పాపా, ఆ బూజు ఏం తిని బతుకుతాది?"

"రాయి."

"రాయి అరిగించుకోను దానికి బలం యాడిదని అడుగుతన్నా."

ఆమె చారు గిన్నె మీద మూత పెట్టింది. "చెట్టు పెడుతుంది. ఆకులు తయారుచేసిన తీపి బెరడు లోపలి పొరలోంచి వేళ్లకు దిగుతుంది. దాంట్లో కొంత బూజుకు పోతుంది."

"ఆ దోవ తెగ్గొడితే?"

"అన్నా, అన్నం తిను."

"తెగ్గొడితే ఏమైతాది?"

"పది రోజుల్లో బూజు ఆకలికి చస్తుంది, రాయి కరగడం అక్కడితో ఆగుతుంది," అంది సుభాషిణి కంచంలోకి చూస్తూ. "చెట్టు వెంటనే పడదు. ఏడాది పచ్చగా ఉండి ఎండిపోతుంది. వేళ్లు ఇంకో ఐదారేళ్లు కొండను పట్టుకునే ఉంటాయి. ఈలోపు పక్కన మామూలు తాలీస మొక్కలు నాటుకోవచ్చు."

"మందు కొట్టి బూజును చంపలేమా?"

"కొడితే అడవంతటికీ కావలసిన మంచి బూజులు కూడా పోతాయి. బెరడు వలవడం ఒక్కటే దారి."

అంత గడగడా చెప్పిందంటే ముందే ఆలోచించి పెట్టుకుందన్నమాట. అది తట్టగానే కేశవులు చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "నీకు ముందే తెలుసునా?"

"నెల కిందట రాతిని తొలిచి చూశాను. రెండు నిలువుల లోతుకు మెత్తబడిపోయింది. ఇంకాస్త దిగితే వేళ్లకు కూడా పట్టు చిక్కదు." సుభాషిణి కంచం పక్కకు జరిపింది. "నీ ఊపిరి సగమే బాగైంది అన్నా. ఈ ఒక్క వానాకాలం గట్టెక్కి కాయ చేతికొస్తే చాలనుకున్నాను. రోజూ కుంతాదేవి నాకు పాలు తెచ్చిస్తుంటే, ఆ గ్లాసు పట్టుకుని అదే అనుకున్నాను. ఛీ అనిపించింది. అయినా అనుకున్నాను."

కేశవులుకు చెల్లెలి మీద కోపం రాలేదంటే అబద్ధం. చాలా వచ్చింది. ఆ కోపం వెనకే, తన కోసం ఒక ఊరిని పణంగా పెట్టేంత ప్రేమ ఒకటి ఈ లోకంలో ఉందన్న సంగతి తెలిసి మెత్తబడ్డాడు. రెండూ ఒకేసారి వస్తే చారు అన్నం మొత్తం కలిపి తినేశాడు.

తిని చెయ్యి కడుక్కుని, "పొద్దున్నే ఉలి తీసుకోని కొండకు పోతన్నా" అన్నాడు.

"నీకేమన్నా అయితే?"

"గమ్మునుండు. మనిద్దర్లో ఒకురికన్నా సిగ్గుండాల."

* * *

తెల్లారేసరికి మొదటి చెట్టు దగ్గర కుంతాదేవి కూచుని ఉంది. రాత్రి అతనే పోయి సంగతి చెప్పి వచ్చాడు. ఉలి పైకెత్తగానే ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

"కారణం చెప్పు ముందు."

"నీకు చెప్పినా కదమ్మా!"

"నాకు కాదు. చెట్టుకు. మా దగ్గర చెట్టుకు కారణం చెప్పకుండా ఎవరూ కత్తి వేయరు. వంటచెరకైనా సరే, ఇంటి దూలమైనా సరే, గట్టిగా పైకి చెప్పాలి. చెప్పలేని పని అయితే ఇంటికి పోవాలి."

కేశవులు ఆ మానును చూశాడు. ఇద్దరు చేతులు చాపినా అందనంత లావు. గొంతు సవరించుకుని తన భాషలోనే మొదలుపెట్టాడు.

"తాలీసమ్మా, నా పేరు చెన్నకేశవులు. మాది మార్కాపురం. నీ జిగురు పీల్చి ఎనిమిది నెలలు బతికినా. నిన్న నిచ్చెనేసుకోని కప్పెక్కినానంటే నీ చలవే. నీ తప్పేం లేదు. నీ కాళ్ల కింద బూజు పెట్టింది మావాళ్లే. నా రొమ్ములో రాయిని కరిగించేదే ఈళ్ల కొండను కరిగిస్తంది. ఈళ్ల మీద కొండ పడేసి ఆ ఊపిరి నేను పీల్చలేను. అందుకని నిన్ను చంపుతన్నా. తిట్టుకుంటే నన్ను తిట్టుకో, ఇంకెవుర్నీ అనబాక."

కుంతాదేవికి ఒక్క ముక్క అర్థం కాలేదు. "చెప్పావా?"

"చెప్పినా."

"అయితే కానీ."

జేబులోంచి బలపం తీసి మాను చుట్టూ రెండు గీతలు గీశాడు, జానెడు ఎడంతో. ఉలి పెట్టి పై గీత మీద కొట్టుకుంటూ పోయాడు, తర్వాత కింది గీత మీద. పలక పొర విప్పే చేతికి బెరడు ఒక లెక్కా? పచ్చి వాసన కొడుతూ పట్టీలా ఊడివచ్చింది. లోపల తెల్లటి మాను చెమర్చినట్టు మెరిసింది. కేశవులు కళ్లు తుడుచుకుని రెండో చెట్టుకు నడిచాడు.

మూడో చెట్టు సగంలో ఉండగా పరాంకుశం వగరుస్తూ ఎక్కి వచ్చాడు.

"ఆపవయ్యా! ఇది సర్కారు అడవి. జైలుకు పోతావు."

"జైల్లో దుమ్ముండదు గదా సార్?"

"నువ్వు కొట్టేది చెట్టును కాదు, నీ ప్రాణాన్ని!"

"నా ప్రాణమే కదా. మీది కాదు, ఈ ముసలామెది కాదు."

"ఆ ఆరువందల మంది మాటేమిటి మరి? వాళ్ల ప్రాణాలు కూడా నీవేనా?"

ఉలి ఆగింది. ఈ ప్రశ్న తనను వదలదని కేశవులుకు ముందే తెలుసు.

"కాదు సార్. అందుకే నేనే పోతా. ఇంటింటికీ పోయి, నా నోటితో నేనే చెప్తా. తిడితే పడతా, కొడితే తింటా. మా రొమ్ముల మీది రాయి తీసి ఈళ్ల నెత్తిన పెట్టమని మావాళ్లెవురూ అడగరు. అడిగేవాడుంటే నాకాడికి పంపండి."

మళ్లీ సుత్తి ఎత్తాడు గానీ దెబ్బ పడలేదు. దగ్గు తెర పట్టుకుంది. మోకాళ్ల మీద కూలబడ్డాడు. సుత్తి జారి వాలు మీద దొర్లింది. గాలి కోసం నోరు తెరిస్తే సగం రొమ్ములోకే వెళ్తోంది, మిగతా సగం తలుపు మూసేసింది. ఎనిమిది నెలలుగా మరిచిపోయిన భయం మళ్లీ వచ్చి మీద కూచుంది. ఇంకా ఎనిమిది చెట్లున్నాయి, చెయ్యలేనేమో అనుకున్నాడు. బతకాలని ఉందని, చాలా ఉందని అప్పుడు తెలిసింది అతనికి.

ఎవరో సుత్తిని పట్టుకుని పైకి వస్తున్నారు. సుభాషిణి.

"అమ్మా సుభాషిణీ, మీరైనా చెప్పండి మీ అన్నకు," అన్నాడు పరాంకుశం. "నాలుగేళ్ల కష్టమమ్మా మీది."

ఆమె అన్న వీపు మీద చెయ్యి వేసి, దగ్గు తగ్గేదాకా రుద్దింది. అతని చేతిలోంచి ఉలి తీసుకుని, మూడో చెట్టుకు మిగిలిన సగం వలిచింది. నాలుగో చెట్టు దగ్గరికి నడిచి ఆగింది. కుంతాదేవి ఆమె వంకే చూస్తోంది. సుభాషిణి చెట్టుకు ఎదురుగా నిలబడి, పరాంకుశానికీ వినబడేలా, అందరికీ అర్థమయ్యేలా హిందీలో చెప్పింది.

"ఈ బూజు పెట్టింది నేను. కొండ కరిగిపోతోందని నెల నుంచీ నాకు తెలుసు. తెలిసీ దాచాను. ఇక దాచను."

కుంతాదేవి మొహం ఒక్క క్షణం గట్టిపడింది. పాల గ్లాసులన్నీ గుర్తొచ్చాయేమో. తర్వాత లేచి వాలు అంచుకు పోయి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఊళ్లోకి ఒక్క కేక వేసింది. కాసేపటికి కొడవళ్లు పట్టుకుని ఆడవాళ్లూ మగవాళ్లూ బారుగా ఎక్కి వచ్చారు. ఒక్కొక్క చెట్టు ముందూ ఒక్కొక్కరు నిలబడి కారణం చెప్పారు. కేశవులు బండ మీద కూచుని, కొడవలి ఎంత లోతు దిగాలో, పట్టీ ఎలా లాగాలో చేతులతో చూపించాడు. అరిచే ఊపిరి లేక సైగలతోనే అందర్నీ తిట్టాడు. మధ్యాహ్నానికి పదకొండు చెట్లకూ నడుం చుట్టూ తెల్లటి పట్టీ పడింది.

పరాంకుశం అప్పటికే దిగిపోయాడు. వెళ్లేముందు మాత్రం మూడో చెట్టు కింద బండను వేళ్లతో గీకి, చేతికి అంటిన తడి మట్టిని చాలాసేపు చూసుకున్నాడు.

* * *

పదమూడో రోజు వాన మొదలైంది. ఐదు రోజులు కురిసింది. నాలుగో రోజు పదకొండో చెట్టు పక్కన పశువుల కొట్టమంత కొండ చరియ జారి వాగులో పడింది. మిగతాది నిలబడింది. పంతొమ్మిది కప్పులూ నిలబడ్డాయి.

సుభాషిణి ఉద్యోగం పోయింది, ఇద్దరి మీదా కేసు పడింది. ఉన్న మందు అయిపోయింది. మార్కాపురానికి బయలుదేరే రోజు ఆమె కుంతాదేవి వాకిట్లో మూడు ప్లాస్టిక్ డ్రమ్ములు పెట్టించింది. ముసలామె రాతి తొట్టి ఇస్తానంటే కేశవులే వద్దన్నాడు.

"రాతిదైతే తొట్టిని కూడా తినేస్తాదమ్మా!"

డ్రమ్ముల నిండా కప్పు మీంచి దించిన మోగని పలకల ముక్కలే. వాటిలో తాలీస మొక్కలు. ఒక్కొక్క మొక్క తల కోసి, అక్కడ బెరడు వలిచిన పాత చెట్టు కొమ్మను అంటు కట్టింది సుభాషిణి. వేళ్ల దగ్గర, ఫ్లాస్కులో దాచి తెచ్చిన బూజు చిటికెడు. అది కేంద్రం సొత్తు, ఇంకో కేసు అవుతుందని పరాంకుశం కబురు పంపాడు. పెట్టుకోమనండి అంది ఆమె. డ్రమ్ము దాటి ఒక్క చుక్క కూడా కొండకు అంటదు.

"కాయ ఎప్పుడు కాస్తాది?" అని కేశవులు అడిగాడు. మెట్లు దిగినందుకే రొప్పుతున్నాడు.

"మామూలుగా ముప్ఫై ఏళ్లు. అంటు కనక ఆరేళ్లు." సుభాషిణి ఆగింది. "అన్నా, డాక్టర్లు నీకు..."

"రెండన్నారు. తెలుసులే. ఆళ్లు అన్నారని నేను ఒప్పుకోవాల్నా?"

గోడవార పేర్చిన పలకల్లోంచి ఒకటి తీసి, మూల పట్టి వేలాడదీసి మెటికతో కొట్టాడు. ఖంగుమంది. జేబులోంచి బలపం ముక్క తీసి, దాని మీద ఆరేళ్ల తర్వాతి కార్తీక పౌర్ణమి తేదీ వేసి, కింద తన పేరు రాశాడు. వాన తడవని చోట, పాలగిన్నెలు పెట్టే గూట్లో నిలబెట్టాడు.

"దీన్ని ఎవురూ చెరపబాకండి," అన్నాడు కుంతాదేవితో. "నేనే వచ్చి చెరుపుతా."